తడిక సందులోంచి చూసేవాళ్లకు: నాటకం మేకప్‌వాడి అపోహలు - వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల తిరునాళ్లలో పద్యనాటకాలాడే చిన్న సమాజంలో మేకప్, డ్రెస్సుల పని నాది. ఆట రోజు గ్రీన్ రూమ్ తడిక సందులోంచి తొంగిచూసేవాళ్లు ఏళ్లుగా ఇవే అంటున్నారు.

అపోహ: జనం రాకనే నాటకం పోతోంది.

వాస్తవం: ధర్మరాజుల గుళ్లలో భారతం జరిగేటప్పుడు వచ్చి చూడండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు రోజు అర్జునుడి వేషగాడు ఎక్కే మాను చుట్టూ కాలు పెట్టను చోటుండదు. ఆ ఆట మాది కాదు, కానీ మా ముందు కూర్చునేదీ ఆ జనమే. వాళ్లు టికెట్టు కొనరు. డబ్బిచ్చేది ఊరి కమిటీ: బయానా కొంత, ఆట అయినాక మిగతాది. వందమంది చూసినా వెయ్యిమంది చూసినా చేతికొచ్చేది అంతే. అందులోనే డ్రెస్సుల అద్దె, వ్యాను బాడుగ, హార్మోనియం ఆయనకిచ్చేది. అసలు చిక్కు ఈ చివరాయనతోనే. వేషగాడి శ్రుతికి తగ్గట్టు మెట్టు మార్చాలి, పద్యం మధ్యలో అతను ఊపిరి తీసుకునేచోట స్వరంతో నింపాలి. అంత చేవ ఉన్నవాళ్లు మా పక్క వేళ్లమీద లెక్క. ఒకే రాత్రికి రెండూళ్లు పిలిస్తే ఎక్కువిచ్చే ఊరికి పోతాడు. నేనైనా అంతే. వేషగాడు రాకుంటే ఇంకొకరికి రంగు పూస్తాను. హార్మోనియం రాకుంటే ఆట లేదు.

అపోహ: ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులంటే సమాజం దగ్గర డబ్బుందని.

వాస్తవం: అయ్యో సామీ! దుర్యోధనుడూ అర్జునుడూ సాయమడగను వచ్చే పడక సీను నుంచి కౌరవసభలో రాయబారం దాకా ఒక్క గొంతు మోయలేదు, అందుకే సగంలో రెండో కృష్ణుడు దిగుతాడు. మనుషులిద్దరే గానీ కిరీటం ఒక్కటే. మొదటాయన తలమీంచి తీసి, లోపలి చెమట తువ్వాలుతో తుడిచి, రెండో ఆయనకు పెట్టేలోపు తెర బయట హార్మోనియం సాగదీస్తూ ఉంటుంది. రెండో ఆయన తల చిన్నది. ముందువైపు గుడ్డపీలిక కుక్కుతాను.

ఆ పడక సీను, రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులు మన తిరుపతివాళ్లనుకునేవాళ్లూ ఉన్నారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, ఇద్దరూ గోదావరి జిల్లాలవాళ్లే. చిత్తూరు నాగయ్య పుట్టిందీ రేపల్లెలో. కాకపోతే ఆయన్ని నటుడిగా నిలబెట్టింది చిత్తూరు రామవిలాస సభ. ఆ గొప్ప మాత్రం మనదే.

అపోహ: మగవాళ్లు ఆడవేషం కట్టాలంటే తెల్లగా పూస్తే చాలు.

వాస్తవం: తెలుపు ఒక్కటే పూస్తే గొరిగిన గడ్డం లైట్ల కింద నీలంగా తేలుతుంది. ముందు దానిమీద కాస్త ఎర్రని పూత వేసి, ఆపైన అసలు రంగు వేయాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే.

అపోహ: తెర పడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: తెల్లవారుజామున మీసాలు కొబ్బరినూనెతో నానబెట్టి తీయాలి. తొందరపడి లాగితే చర్మం లేస్తుంది. తర్వాత నగలు లెక్కపెట్టి అద్దె కొట్టుకు చేర్చాలి, తగ్గితే మా లెక్కలోంచి కోత. పోయినసారి ఎడమ భుజకీర్తి తగ్గింది. కమిటీ పెద్దాయన మనవడు దాన్ని కట్టుకొని బడికి పోయాడంట. మధ్యాహ్నం గంట కొట్టేదాకా బడి గేటు దగ్గర కూర్చున్నాను.