రైఫిల్ స్టాక్ చేత్తో చెక్కడం: అపోహలు - వాస్తవాలు

కొత్తగా స్టాక్ (తుపాకీలోని కర్ర భాగం) చెక్కినవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "కర్ర మంచిదే. యాక్షన్‌ని (తూటా పేల్చే లోహపు భాగాన్ని) వెంట్రుకంత సందు కూడా లేకుండా కూర్చోబెట్టాను. అయినా టాంగ్ (యాక్షన్ వెనక తోకలా సాగే కొస) వెనకాల చీలింది, ఎందుకు?" సందు లేకపోబట్టే చీలింది.

అపోహ: యాక్షన్ అన్ని వైపులా ఎంత బిగుతుగా కూర్చుంటే స్టాక్ అంత గట్టిది.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బిగుతు కొన్ని చోట్లే ఉండాలి. మిగతా చోట్ల ఖాళీని కావాలనే వదలాలి. తూటా పేలగానే యాక్షన్ వెనక్కి తన్నుతుంది. ఆ తన్నునంతా మోయాల్సింది రీకాయిల్ లగ్ (యాక్షన్ ముందు భాగంలో కిందికి పొడుచుకొచ్చే లోహపు దిమ్మ) వెనక ముఖం. అది కర్రకు పూర్తిగా ఆనాలి. అది ఆనకముందే టాంగ్ కొస కర్రకు తగిలిందా, దెబ్బంతా టాంగ్ మీద పడుతుంది. స్టాక్ మొత్తంలో సన్నటి చోటు టాంగ్ వెనకుండే మెడే, చేత్తో పట్టుకునే చోటు. టాంగ్ అక్కడ మేకులా దిగి నార వెంబడి చీల్చేస్తుంది. అందుకే టాంగ్ వెనక అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచాలి. బయటికి సన్నటి గీతలా కనిపిస్తుంది. చూసినవాళ్లు పనితనం తక్కువంటే అననివ్వండి.

లగ్ ముందు వైపు, పక్కలు, అడుగు కూడా తగలకూడదు. ఎపాక్సీ జిగురుతో బెడ్డింగ్ (యాక్షన్ కింద అచ్చంగా కూర్చునే పొర) వేసేటప్పుడు ఆ ముఖాలకు ఇన్సులేషన్ టేపు అంటించి, వెనక ముఖాన్ని మాత్రం వదిలేయండి. తర్వాత టేపు పీకేస్తే దాని మందమే ఖాళీగా మిగులుతుంది. లగ్ అడుగు ఆనితే యాక్షన్ దాని మీదే నిలబడుతుంది, స్క్రూలు బిగించే కొద్దీ వంగుతుంది. స్క్రూలకూ ఇదే సూత్రం. 6.35 మి.మీ. స్క్రూకి 8 మి.మీ. రంధ్రం వేయండి. గోడకు తగిలిన స్క్రూ తనే ఇంకో లగ్ అయి కర్రను చీలుస్తుంది. బ్యారెల్‌ని ఫ్రీ ఫ్లోట్ చేస్తుంటే (కర్రకు తగలకుండా వదిలేస్తుంటే) అది కూర్చునే గాడిలో చుట్టూ 1.5 మి.మీ. దాకా వదలండి. గాలిలో తేమ పెరిగి కర్ర ఒక పక్కకు ఒరిగినా బ్యారెల్‌కి తగలదు.

ఎక్కడ ఆనుతోందో కంటితో తేలదు. దీపపు మసిని నూనెలో కలిపి లోహానికి పల్చగా రాయండి. తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసి, బోల్ట్ తీసేశాకే ఈ పని. యాక్షన్‌ని నిటారుగా దించి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టి, నిటారుగానే పైకి తీయండి. అటూ ఇటూ ఊపితే గాడి అంచులు పెచ్చులూడతాయి. ప్రతిసారీ అదే చోట దిగడానికి యాక్షన్ స్క్రూల బదులు తల లేని పొడవాటి స్క్రూలు పెట్టుకోండి. నల్ల మచ్చ పడిన చోట మాత్రమే స్క్రేపర్‌తో పొరంత గీకండి. మసి మందంగా రాస్తే ఆనని చోట కూడా మచ్చ పడుతుంది. అప్పుడు తీయనక్కర్లేని కర్ర పోతుంది, మళ్లీ రాదు.

చివరగా ఒక పరీక్ష. రెండు స్క్రూలూ బిగించి, స్టాక్ ముందు కొస దగ్గర బ్యారెల్‌నీ కర్రనూ కలిపి వేళ్లతో పట్టుకుని, ముందు స్క్రూ మెల్లగా వదులు చేయండి. బ్యారెల్ కదిలినట్టు వేలికి తెలిస్తే యాక్షన్ ఇంకా వంగుతోందన్నమాటే.

ఇప్పటికే సన్నటి చీలిక వచ్చినవాళ్లు కంగారు పడకండి, స్టాక్ పారేయొద్దు. ముందు టాంగ్ వెనక ఖాళీ చేయండి. తర్వాత పల్చటి ఎపాక్సీని కాస్త వెచ్చబెట్టి చీలికలోకి దించి క్లాంప్ వేయండి. ఖాళీ చేయకుండా అతికిస్తే మళ్లీ అక్కడే విడుతుంది.

అపోహ: చెక్కడంలో తప్పు జరిగితే ఎపాక్సీ నింపేస్తే చాలు.

మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడాని అది నింపుతుంది. మెడలో నార అడ్డంగా పోతే మాత్రం ఏ ఎపాక్సీ కాపాడదు. కర్రలోని మెలికల డిజైన్ ఎంత అందంగా ఉన్నా అది భుజానికి ఆనే మడమ వైపు ఉండాలి, మెడలో నార పొడవునా సాగాలి. రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ లోహానికి అంటకుండా రాసే పూత) సరిగా రాయక యాక్షన్ అంటుకుపోతే సుత్తితో బాదకండి. కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెడితే చాలాసార్లు వదులుతుంది.

అపోహ: బయటి ఆకారం ముందు, గాడి తర్వాత.

ఇది తలకిందులు. దిమ్మ నలుచదరంగా ఉన్నప్పుడే పైముఖం చిత్రిక పట్టి, మధ్యగీత గీసి, గాడి పని ముగించాలి. వంపులు వచ్చాక కొలతకు ఆధారం ఉండదు, క్లాంప్‌కి పట్టూ ఉండదు.

అపోహ: అంగుళం మందానికి ఏడాది ఆరితే కర్ర సిద్ధం.

అది ఉజ్జాయింపు లెక్క. కొసలకు మైనం పూసి నెలనెలా తూకం వేయండి. రెండు మూడు నెలలు బరువు మారకపోతే అప్పుడు ఉలి పట్టండి.

అపోహ: అవిసె నూనె పడితే నీళ్లు సోకవు.

సోకుతాయి. ఆ నూనె గాలిలో తేమను పెద్దగా ఆపదు. అందుకే గాడి లోపల, బట్ ప్లేటు కింద కనిపించే అడ్డకోత ముఖాన్ని వార్నిష్‌తోనో ఎపాక్సీతోనో మూసేయాలి. చాలామంది బయట పది పూతలు వేసి ఈ రెండు చోట్లా పచ్చిగా వదిలేస్తారు. ఇంకో మాట: ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విప్పి విడివిడిగా ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన ఇనప డబ్బాలో వేసి మూత పెట్టండి.