గేర్లు పీకేస్తే వాటి పని ఎవరు చేస్తారు?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు, టేబుల్ ఫ్యాన్లు, మిక్సీలు అక్కడికే వస్తాయి. మొన్న వేసవిలో వాటి మధ్యన నా రిమోట్ ట్రక్కును విప్పి పెట్టాను. నైట్రో ఇంజిన్‌తో నడిచే నాలుగు కిలోల బండి అది. ఇంజిన్, క్లచ్, రెండు స్పీడ్ల గేర్‌బాక్సు తీసేసి, ఎలక్ట్రిక్ మోటారును నేరుగా మధ్య షాఫ్టుకు బిగిద్దామని నా ఆలోచన. మేస్త్రీ ఆ గేర్లను అరచేతిలో పోసుకుని చూశాడు. "ఏటి బావూ, ఈటన్నిటినీ పీకేస్తే మరి ఈటి పని ఎవుడు సేస్తాడు?" అన్నాడు. ఈ మార్పిడికి కీలకమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందు ఆ గేర్లు అక్కడికి ఎందుకు వచ్చాయో చూడాలి. నైట్రో ఇంజిన్ చాలా ముచ్చటైన యంత్రం. నాది 3.5 సీసీ, టూ స్ట్రోక్. ఇంధనంలో ఎక్కువ పాలు మెథనాల్, కొంత నైట్రోమీథేన్, కొంత నూనె. స్పార్క్ ప్లగ్ ఉండదు. దాని బదులు గ్లో ప్లగ్‌లో వెంట్రుకలాంటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదట్లో చిన్న బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చాలి. ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేయొచ్చు. ప్లాటినం తగిలిన మెథనాల్ ఆవిరి అక్కడే ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఆ వేడీ, పిస్టన్ నొక్కిడికి పుట్టే వేడీ, మండినప్పటి వేడీ కలిసి తీగను ఎర్రగానే ఉంచుతాయి. అది నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతుంటే వినడం నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలికి, మూత సరిగా పడని డబ్బాలో ఇంధనం వానాకాలం వచ్చేసరికి పాడైపోయేది. ఇంజిన్ అందుకోవడం, రెండు నిమిషాలకు ఆగిపోవడం. పైగా మెథనాల్ విషం, కడుపులోకి పోతే చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

పిస్టన్ ఇంజిన్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఆగి ఉన్నప్పుడు దానికి బలమే లేదు. తిరుగుతూ ఉంటేనే బలం. బండి ఆగినా ఇంజిన్ తిరుగుతూ ఉండాలి కాబట్టి రెండింటినీ విడదీయడానికి క్లచ్ కావాలి. బలం బాగా ఎక్కువ చుట్ల దగ్గరే వస్తుంది కాబట్టి ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చడానికి గేర్లు కావాలి. ఇవన్నీ ఇంజిన్ కోసం వచ్చిన చుట్టాలు.

ఎలక్ట్రిక్ మోటారుది వేరే స్వభావం. ఆగి ఉన్నప్పుడే దాని తిప్పుడు బలం, అంటే టార్క్, అన్నిటికన్నా ఎక్కువ. మోటారు తిరిగేకొద్దీ తనలోనే ఎదురు వోల్టేజి పుట్టి కరెంటును అడ్డుకుంటుంది. ఆగి ఉంటే ఆ అడ్డు లేదు, కరెంటు వరదలా వస్తుంది. అయితే అప్పుడు అందులో ప్రతి వాట్టూ వేడే. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు రెండు కార్లకు గొలుసులు కట్టి కదలకుండా ఆపేవాడని మన ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కార్లు అంగుళం కదలకపోయినా ఆయన ఒళ్లు చెమటతో తడిసే ఉంటుంది. బలం ఉంది, కదలిక లేదు, శక్తి మాత్రం ఖర్చవుతోంది. ఆగిపోయిన మోటారు పరిస్థితి సరిగ్గా అదే. అందుకే క్లచ్ తీసేయడం తేలిక, గేర్లు తీసేయడం అంత తేలిక కాదు.

లెక్క వేద్దాం. నా ట్రక్కు చక్రం వ్యాసం 14 సెంటీమీటర్లు, ఒక చుట్టుకు 44 సెంటీమీటర్లు పోతుంది. గంటకు 40 కిలోమీటర్లు వెళ్లాలంటే చక్రం నిమిషానికి దాదాపు 1,500 చుట్లు తిరగాలి. ముందూ వెనకా ఉన్న డిఫరెన్షియళ్లలో, అంటే షాఫ్టు తిప్పుడును రెండు చక్రాలకూ పంచే గేరు పెట్టెల్లో, 13 పళ్ల చిన్న గేరు (పినియన్) 43 పళ్ల పెద్ద గేరును (క్రౌన్) తిప్పుతుంది. అంటే మధ్య షాఫ్టు 3.3 రెట్లు, సుమారు 5,000 చుట్లు తిరగాలి. డైరెక్ట్ డ్రైవ్ (మోటారును నేరుగా షాఫ్టుకు బిగించడం) అన్నా ఈ ఒక్క తగ్గింపు మిగిలే ఉంటుంది. మూడు సెల్స్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 11.1 వోల్టులు ఇస్తుంది. 5,000ను 11.1తో భాగిస్తే వోల్టుకు 450 చుట్లు. దీన్నే మోటారు కేవీ రేటింగు అంటారు (కిలోవోల్టు అనుకోకండి). బరువు పడితే వేగం తగ్గుతుంది కాబట్టి 500 కేవీ తీసుకున్నాను.

మామూలు రిమోట్ కార్లలో వాడే మోటారు 3,000 కేవీ ఉంటుంది. దాన్ని గేరు లేకుండా బిగిస్తే ఏమవుతుంది? 9.55ను కేవీతో భాగిస్తే ఒక్కో ఆంపియరుకు ఎన్ని న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుందో తెలుస్తుంది. నా బండి చురుగ్గా కదలాలంటే షాఫ్టు దగ్గర 0.42 న్యూటన్ మీటర్లు కావాలి. 500 కేవీ మోటారుకు అది 22 ఆంపియర్ల పని. 3,000 కేవీ మోటారుకు 130 ఆంపియర్లు దాటుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. అయితే అదే చిన్న మోటారుకు రాగి తీగ ఎక్కువ చుట్లు చుట్టించి కేవీ తగ్గిస్తే సరిపోతుంది కదా అని మేస్త్రీని అడిగాను. ఆయన స్టేటర్‌ని, అంటే తీగ చుట్టే కదలని భాగాన్ని, వెలుతురుకు ఎత్తి, ఒక గాడిని గోటితో చూపించాడు. "గాడిలో పట్టీ రాగి అంతే గదా బావూ." చుట్లు రెట్టింపు చేయాలంటే తీగ సన్నబడాలి. కరెంటు సగమవుతుంది గానీ తీగ నిరోధం నాలుగు రెట్లవుతుంది. వేడి అంటే కరెంటు వర్గం ఇంటూ నిరోధం. పావు వంతును నాలుగుతో హెచ్చిస్తే ఎక్కడున్నామో అక్కడే. చుట్లు మార్చడం వల్ల బ్యాటరీకీ, వైర్లకూ, మోటారుకు కరెంటు పంచే కంట్రోలర్‌కూ ఊపిరాడుతుంది. మోటారు వేడి మాత్రం తగ్గదు. అది తగ్గాలంటే మోటారే పెద్దది కావాలి, ముఖ్యంగా వెడల్పుగా.

వెడల్పు ఎందుకంటే, మోటారు బలమంతా తిరిగే రోటరుకూ కదలని స్టేటరుకూ మధ్య సందులో పుడుతుంది. వ్యాసం రెట్టింపయితే లాగే వైశాల్యం రెట్టింపవుతుంది, కేంద్రం నుంచి దూరమూ రెట్టింపవుతుంది. టార్క్ నాలుగు రెట్లు. మీరు కూర్చున్న గదిలో తల పైకెత్తి చూడండి. సీలింగ్ ఫ్యాను అచ్చమైన డైరెక్ట్ డ్రైవ్ యంత్రం. గేరు లేదు, బెల్టు లేదు. నడుమ స్టేటర్ కదలదు, బయటి డొప్పే రెక్కలతో సహా తిరుగుతుంది. నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లే, అందుకే దాని పొట్ట అంత వెడల్పు. నా ట్రక్కుకు నప్పిందీ అలాంటి మోటారే. డొప్ప తిరిగే రకం, 50 మిల్లీమీటర్ల వ్యాసం. కార్లలో పెట్టే మామూలు మోటారు 36 మిల్లీమీటర్లు. మేస్త్రీ ప్రశ్నకు జవాబు ఇదే: పళ్లు చేసే పని రాగీ, ఇనుమూ, వ్యాసమూ పంచుకున్నాయి.

బిగించాక మరో సమస్య వచ్చింది. ట్రిగ్గరు మెల్లగా నొక్కితే బండి కదలకుండా గడగడ వణికేది. సెన్సర్లు లేని బ్రష్‌లెస్ మోటారులో (కరెంటు అందించే బ్రష్‌లు లేని రకం) అయస్కాంతం ఎక్కడుందో కంట్రోలర్ ఎదురు వోల్టేజిని బట్టే పసిగడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ వోల్టేజి సున్నా, కాబట్టి గుడ్డిగా తోస్తుంది. గేర్లు ఉంటే బండి అంగుళం కదిలేలోపు మోటారు బోలెడు చుట్లు తిరిగి ఆనవాలు ఇచ్చేస్తుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో ఆ అవకాశం లేదు. అయస్కాంతం ఎక్కడుందో నేరుగా చెప్పే హాల్ సెన్సర్లున్న మోటారు, దానికి తగ్గ కంట్రోలర్ పెట్టాక వణుకు పోయింది. గేర్‌బాక్సుతో పాటు డిస్క్ బ్రేకు పోయింది గానీ, మోటారే జనరేటరై బండిని ఆపుతుంది. రివర్సుకు వేరే ఏర్పాటు అక్కర్లేదు, కరెంటు వెళ్లే వరస మారిస్తే చాలు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది శక్తి లెక్క. నా 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉన్నది 55 వాట్ అవర్లు, దాదాపు 2 లక్షల జౌళ్లు. గ్రాము మెథనాల్‌లో సుమారు 20,000 జౌళ్లు. అంటే అంత బ్యాటరీలో ఉన్నది 10 గ్రాముల మెథనాల్ శక్తి, రెండు మూడు చెంచాలంత. పాత ట్యాంకు 125 సీసీ. అయినా బండి రెండు రకాలుగానూ పావుగంటే తిరిగింది. మిగతా ఇంధనమంతా వేడిగా, సైలెన్సర్‌లోంచి మండని తుంపరగా గాలిలో కలిసిపోయేదన్న మాట.

మొదటిసారి మనసారా నడిపింది కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే చోట. పది నిమిషాలకు మోటారు కరకరలాడింది. ఆపి చూస్తే తిరిగే డొప్ప లోపలి అంచంతా నల్లటి ఇసుక మీసాల్లా పట్టేసింది. మన తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి, బలమైన అయస్కాంతానికి అవి అంటుకుంటాయి. ఆ ఇసుకలోనే కొద్దిగా మోనజైట్ కూడా ఉంటుంది. మోటారు అయస్కాంతాల్లో ఉండే నియోడైమియం దొరికే ఖనిజాల్లో అదొకటి. ఇంటికి తెచ్చి, సెల్లో టేపు ముక్కల్ని సందులోకి దూర్చి, రేణువులన్నీ అంటించి తీశాను. టేపుకు అంటిన ఆ నల్ల ఇసుకను మా మేనల్లుడు సీసాలో పోసి దాచుకున్నాడు. మోటారు చుట్టూ ఇప్పుడు పాత మేజోడు గుడ్డ తొడుగు ఉంది.