మల్లెరేకు మీది మైనం

సాయంత్రం నాలుగు దాటాక తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర మల్లెమొగ్గల గంపలు దిగుతాయి. పూలమ్మే అక్క చెంబులో చెయ్యి ముంచి వాటి మీద నీళ్లు చిలకరిస్తుంది. ఒక మొగ్గను తీసుకుని దగ్గరగా చూడండి. నీటిచుక్క లోపలికి ఇంకదు. పూసలా నిలబడి, కాస్త వంచితే జారిపోతుంది. రేకు మీదున్న మైనమే దానికి కారణం. కంటికి ఆనదు, వేలికి అంటదు, అంత పల్చటి పొర అది.

రేకులో ఉన్నదంతా దాదాపు నీరే. ఆ పొర లేకపోతే తెల్లవారి కోసిన మొగ్గ ఎండకు వాడిపోయి, బజారు చేరేసరికి మాలకు పనికిరాదు. ఈ మైనంలో పొడవాటి కార్బన్ గొలుసులు ఉంటాయి. చాలా పూలలో 27, 29, 31 కార్బన్లవి ఎక్కువ. అన్నీ బేసి సంఖ్యలే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. మాల కట్టేటప్పుడు మొగ్గలను రెండేసి చేర్చి ముడి వేస్తారు కదా, మొక్క కూడా కార్బన్లను రెండేసి చొప్పున చేర్చుకుంటూ గొలుసు పెంచుతుంది. చివర్లో ఒక్క కార్బన్‌ను తుంచేస్తుంది. అలా సరి కాస్తా బేసి అవుతుంది.

గులాబీని, మొగలిపువ్వును నీటితో కాచి ఆవిరి పట్టి అత్తరు తీస్తారు. మల్లె, జాజి ఆ వేడికి ఓర్చుకోవు, వాటి వాసన మారిపోతుంది. అందుకని ఈ పూలను హెక్సేన్ అనే ద్రావకంలో నానబెడతారు. హెక్సేన్‌కు జిడ్డు పదార్థాలంటే ప్రీతి. పరిమళాన్నీ మైనాన్నీ వేరు చేసి చూడదు, రెండింటినీ లాగేస్తుంది. 69 డిగ్రీల దగ్గర మరిగే ఆ హెక్సేన్‌ను ఆవిరి చేసి తిరిగి పట్టుకుంటే, అడుగున చిక్కటి ముద్ద మిగులుతుంది. ఈ వ్యాపారంలో దాన్ని కాంక్రీట్ అంటారు. మన ఇళ్లు కట్టే కాంక్రీట్‌కూ దీనికీ సంబంధం లేదు. 1000 కిలోల జాజిపూలకు వచ్చేది సుమారు 2.5 నుంచి 3 కిలోలు.

ఆ ముద్దను గోరువెచ్చటి ఆల్కహాల్‌లో కరిగించి, సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి చల్లబరుస్తారు. డిసెంబరు పొద్దున సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు మైనం తెల్లగా విడిపోతుంది. పరిమళం మాత్రం ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది. వడగట్టి ఆల్కహాల్‌ను తీసేస్తే అబ్సల్యూట్ వస్తుంది. సెంటు తయారుచేసేవాళ్లు అంత ధర పెట్టి కొనేది దాన్నే. వడపోతలో ఆగిపోయింది పూలమైనం. జాజి కాంక్రీట్‌లో ఇది ఇంచుమించు సగం ఉంటుంది.

సగం తూకం ఉన్నదాన్ని ‘మిగిలిపోయింది’ అనడం నాకు నచ్చదు. మొగ్గను సాయంత్రం దాకా కాపాడింది అదే. పైగా పరిమళంతో దాని చుట్టరికం పువ్వులోనే మొదలవుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పెటూనియా పూల మీద చేసిన పరిశోధన 2021లో వెలువడింది. పువ్వు లోపలి సువాసన పదార్థాల్లో సగానికి పైగా రేకు మీది మైనపు పొరలోనే పోగవుతున్నాయని అందులో తేలింది. పొరను పల్చబరిస్తే వాసన సులువుగా బయటికి రావాలి కదా? అలా జరగలేదు, తగ్గింది. పువ్వు వాసన తయారుచేయడమే తగ్గించుకుంది. అంటే ఆ పొర అడ్డుగోడ మాత్రమే కాదు, పరిమళానికి గాదె కూడా.

జిడ్డు వాసనను పట్టి ఉంచుతుందన్న సంగతి మన పాతవాళ్లకు తెలియనిది కాదు. నువ్వుల మధ్య మల్లెలు పరిచి, వాసన పట్టిన ఆ నువ్వులను గానుగాడి పూలనూనె తీసేవాళ్లు. పూలతో కూడిన నారకు వాసన అబ్బినట్టు, వడగట్టిన మైనానికీ కొంత పరిమళం అంటుకునే ఉంటుంది. దాన్ని పెదవులకు రాసుకునే బామ్‌లలో, క్రీముల్లో, గట్టి సెంట్లలో, కొవ్వొత్తుల్లో కలుపుతారు. తేనెమైనం చేసే పనుల్లో కొన్నింటిని ఇదీ చేస్తుంది. అయితే హెక్సేన్ జాడ మిగలకుండా శుద్ధి చేయాలి, ముఖ్యంగా పెదవులకు రాసుకునేదైతే.

తిరుమలలో పూలన్నీ స్వామివే, కొండ మీద ఆడవాళ్లు కూడా తలలో పెట్టుకోరు. స్వామికి అలంకరించి తీసిన పూలను ఒకప్పుడు గుడిలోని పూలబావిలో వేసేవారు. 2021 నుంచి టీటీడీ వాడిన పూలతో అగరబత్తులు చేయిస్తోంది, మంచి పని. నాకు ఇంకొక ప్రశ్న ఉంది. మాల వాడేసరికి వాసన గాలిలో కలిసిపోతుంది గానీ, మైనం అంత తేలిగ్గా ఆవిరయ్యేది కాదు. 29 కార్బన్ల గొలుసు కరగాలన్నా 63 డిగ్రీలు దాటాలి. మరి వాడిన చామంతుల్లో, గులాబీల్లో ఎంత మైనం మిగిలి ఉంటుంది? తీసిన ఖర్చుకు గిట్టుతుందా? ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విద్యార్థులు ఎవరైనా ఒక కిలో పూలు తీసుకుని తూచి చూస్తే బాగుండును.