ఇసుక మీద మీగడ

చిన్నీ, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో చిన్ని ఒక మాట అడిగింది: "కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి కదా తాతయ్యా, దానికి ఎవరైనా పని నేర్చుకోవాలా?" నేను చెప్పేలోపే బడి బస్సు వచ్చేసింది. అప్పటి నుంచీ ఆ ప్రశ్న నా మనసులోనే తిరుగుతోంది. ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకోండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గోదావరి కాలువల శివారు ఊళ్లలో మంచినీళ్ల పథకాలు చూసేవాణ్ని. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. కాలువ పారే రోజుల్లో పెద్ద చెరువు నింపుకుంటారు. వేసవిలో కాలువకు నీళ్లు ఆపేశాక ఆ చెరువు నీళ్లే దిక్కు. వాటిని ఫిల్టర్ బెడ్ మీదికి వదిలి శుభ్రం చేస్తారు. బెడ్ అంటే పెద్ద సిమెంటు తొట్టి అనుకోండి. అడుగున కంకర, దాని మీద మీటరు మందాన సన్నటి ఇసుక. నీళ్లు ఆ ఇసుకలోంచి గంటకు పది, ఇరవై సెంటీమీటర్లు మాత్రమే దిగుతాయి. అంత నెమ్మది!

కొన్నాళ్లు నడిచాక ఇసుక మీద జిగురుగా ఒక పొర కడుతుంది, పాల మీద మీగడలాగా. చూడటానికి నాచులా, మురికిలా ఉంటుంది. వేలితో తాకితే జారుతుంది. కానీ నీళ్లలో వచ్చే రోగక్రిములను పట్టి తినేసే సూక్ష్మజీవులు ఉండేది ఎక్కువగా ఆ పొరలోనే. అది లేని కొత్త ఇసుక చెత్తను ఆపుతుంది గానీ, క్రిములను అంతగా ఆపలేదు.

ఒక ఊళ్లో బెడ్లు చూసుకోవడానికి కొత్తగా ఒకాయన్ని పెట్టారు. ఒళ్లు దాచుకోని మనిషి. ఒకరోజు నేను వెళ్లేసరికి సంతోషంగా ఎదురొచ్చాడు. "ఎంత మురికి పట్టేసిందోనండి! నేనూ మా ఆవిడా రెండు రోజులు కూర్చుని ఇసకంతా తోడి కడిగేశామండి. పొద్దున్నే నీళ్లు వదిలేశాను, చూడండి" అన్నాడు. ఇసుక నిజంగానే ముత్యాల్లా మెరుస్తోంది. ఆ వారంలో ఊళ్లో ఇంటికొకరు చొప్పున విరేచనాలతో పడ్డారు. తన చిన్న కొడుకును భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తిన వాళ్లలో అతనూ ఉన్నాడు.

అతను చేసింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ పొర ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన నేను కూడా చెప్పలేదు. బెడ్ ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండాలో లెక్క కట్టడం కాలేజీలో నేర్చుకున్నాను గానీ, దాంట్లోకి దిగి ఎప్పుడూ పార పట్టలేదు. ఆ తర్వాత రిటైరవబోతున్న వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చి మా ఇద్దర్నీ బెడ్లోకి దించారు. నీటిమట్టాన్ని ఇసుక కంటే జానెడు కిందికి దించాలి. చదునైన పారతో వేలి మందాన పైపొర ఒక్కటే గీకాలి. తర్వాత నీళ్లు పైనుంచి కుమ్మరించకుండా అడుగు నుంచి మెల్లగా ఎక్కించాలి, ఇసుకలో ఇరుక్కున్న గాలి బయటికి పోవాలి కదా. మీగడ మళ్లీ కట్టేదాకా ఆ నీళ్లు ఊరికి ఇవ్వకూడదు. అందుకే ఎప్పుడూ రెండు బెడ్లు ఉంచుతారు, ఒకటి గీకుతుంటే రెండోది నడవాలి. ఆయన నేర్పింది ఒక్క పూట. ఆ పూటతో ఆ కుర్రాడు పక్క ఊళ్ల వాళ్లకు కూడా నేర్పేంత మనిషయ్యాడు.

చిన్నీ, నీ ప్రశ్నకు నా జవాబు ఆ ఒక్క పూటే.

పెద్ద పనులు చేసినవాళ్లకు ఇది ముందే తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847లోనే ఉత్తరాన రూర్కీలో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. గంగ కాలువ తవ్వుతున్నారు, సర్వే చేసేవాళ్లూ, పని నడిపించేవాళ్లూ చాలక ఆ కాలేజీ పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1955లో, అక్కడే ఆసియా, ఆఫ్రికా దేశాల నీటి ఇంజనీర్ల కోసం ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వాలంతరి అనే నీటి, నేల యాజమాన్య శిక్షణ సంస్థ 1983 నుంచి ఉంది, అక్కడ సాగునీటి ఇంజనీర్లతో పాటు రైతులకూ నేర్పుతారు. అది నాకు చాలా ఇష్టమైన సంగతి. కాలువ నీళ్లు చివరి మడి దాకా చేరాలంటే తూము దగ్గర నిలబడే మనిషికీ లెక్క తెలియాలి మరి.

ఇప్పుడు ఆ అవసరం ఎన్నో రెట్లు పెరిగింది. 2019లో పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం, జల్ జీవన్ మిషన్, మొదలైనప్పుడు మన దేశంలో 3 కోట్ల 23 లక్షల పల్లె ఇళ్లకే కుళాయి ఉండేది. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఎంత గొప్ప విషయమో! కానీ పైపులు వేసినంత ఉత్సాహంగా, వాటిని నడిపే మనుషుల్ని తయారు చెయ్యలేదన్నది నా బాధ. చాలా ఊళ్లలో వాటర్‌మన్‌కు ట్యాంకు తాళం, వాల్వు తిప్పే రాడ్డు చేతికిస్తారు, అంతే.

అతనికి తెలియాల్సిన ఒక్క లెక్క చెబుతాను, మీరూ చేయండి. ట్యాంకులో 60,000 లీటర్ల నీళ్లున్నాయి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కలపాలనుకుంటే మొత్తం 120 గ్రాములు కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 30 శాతం ఉంటే 400 గ్రాముల పౌడర్ చాలు. అదే సంచి మూతి కట్టకుండా తేమలో వదిలేస్తే బలం సగానికి పడిపోవచ్చు, అప్పుడు 800 గ్రాములు పడుతుంది. లెక్క తెలియనివాడు రోజూ అదే గిన్నెతో వేస్తూనే ఉంటాడు, క్రిములు చావవు. పౌడర్‌ను బక్కెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగి వాల్వు తిప్పాలి. చివరి వీధి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

అది చూడటానికే ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని జల్ జీవన్ మిషన్‌లో పెట్టారు. మా వీధి చివర కుట్టు మిషన్ కుట్టే అత్త అలా నేర్చుకున్నదే. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి, సీసాలోని చుక్కలు వేసి, మెల్లగా ఊపుతుంది. నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ రంగును పక్కనున్న అట్టతో పోల్చి పుస్తకంలో రాసుకుంటుంది. రంగు రాని రోజు నేరుగా పంచాయతీ ఆఫీసుకు నడుస్తుంది. మొదట్లో ఆమెను చూసి నవ్వినవాళ్లే ఇప్పుడు "అమ్మా, ఇవాళ మా కుళాయి చూస్తావా" అని పిలుస్తున్నారు.

సంక్రాంతి సెలవులకు మీరొస్తారని చెప్పాను. గొట్టం మీ చేతికే ఇస్తానంది. తెల్లవారి ఆరింటికి నీళ్లు వదులుతారు, పది నిమిషాల ముందే లేవాలి. స్వెట్టర్లు తెచ్చుకోండి.

మీ తాతయ్య