"ఏదో తేడాగా ఉంది" అనిపిస్తే: నర్సింగ్‌లో కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఐసీయూ స్టాఫ్ నర్సుని. మాది నెల్లూరు. మన వైపు నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చే పిల్లలు ఎక్కువగా అనే మాట ఒకటుంది: "అక్కా, పేషెంట్‌ని చూస్తే తేడాగా అనిపించింది, కానీ డాక్టర్‌కి ఏమని చెప్పను?"

అపోహ: మానిటర్‌లో నంబర్లు బాగుంటే మన అనుమానానికి విలువ లేదు.

వాస్తవం: నెలలు నిండని పిల్లల ఐసీయూ నర్సుల మీద బెత్ క్రాండాల్, కరెన్ గెచెల్-రైటర్ చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. ల్యాబ్ రిపోర్టు కంటే ముందే ఇన్ఫెక్షన్‌ని ఎలా పసిగట్టారో ఆ నర్సులు మొదట చెప్పలేకపోయారు. ఒక్కో కేసూ తీసి గుచ్చి గుచ్చి అడిగితే, కంటితో చూసిన గుర్తులే బయటపడ్డాయి. కొన్ని అప్పటి వైద్య పుస్తకాల్లో కూడా లేవు. కాబట్టి "ఏం చూసి నాకలా అనిపించింది?" అని మిమ్మల్ని మీరే అడగండి. పెద్దవాళ్ల వార్డులో ముందు ఊపిరి చూడండి. బీపీ పడిపోకముందే చాలాసార్లు శ్వాస వేగం పెరుగుతుంది. మనమేమో చార్టులో వరసగా 20, 20, 20 అని దింపేస్తాం! నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి.

అపోహ: సీనియర్ల అంచనా తప్పదు.

వాస్తవం: అనుభవజ్ఞుల అంచనాని ఎంతవరకు నమ్మొచ్చన్న విషయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ చెరో వైపు ఉండేవారు. 2009లో కలిసి రాసిన వ్యాసంలో ఒక మాటకి వచ్చారు: పరిస్థితులు ఒక పద్ధతిలో నడిచేచోట, తప్పొప్పులు మనకు తెలిసేచోట మాత్రమే అనుభవాన్ని నమ్మొచ్చు. వార్డు మారితే సీనియర్ కూడా కొంతకాలం కొత్తే.

అపోహ: ఒకసారి చెప్పాను, ఇక డాక్టర్ ఇష్టం.

వాస్తవం: 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది పోయారు. ముందున్న విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదేమోనని, టేకాఫ్ అవుతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది. "ఒకసారి చూస్తారా సార్?" అని మనం నసిగినా అంతే. ఇలా చెప్పండి: "సార్, బెడ్ 6. బీపీ బాగానే ఉంది. శ్వాస గంట క్రితం 18, ఇప్పుడు 28. మత్తుగా ఉన్నారు. సెప్సిస్ అని నా అనుమానం. ఇప్పుడే వచ్చి చూడాలి." (సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం.) తమిళం తడబడితే ఇంగ్లిష్‌లో చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. డాక్టర్ రాకపోతే మళ్లీ ఫోన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఇన్‌చార్జ్ సిస్టర్‌కి, ఆపైన కన్సల్టెంట్‌కి. ఎవరికి ఏ టైమ్‌కి చెప్పారో నోట్స్‌లో రాయండి. డ్యూటీ డాక్టర్ విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వండి.

అపోహ: అటెండెంట్లు ఊరికే కంగారుపడతారు.

వాస్తవం: "అమ్మ ఎప్పటిలా మాట్లాడటం లేదమ్మా" అని కూతురు అంటే అది మనకు దొరకని సమాచారం. ఇంగ్లండ్‌లో 2024 నుంచి అమలవుతున్న 'మార్తాస్ రూల్' కింద ఇంటివాళ్లే వేరే టీమ్‌ని పిలిపించుకోవచ్చు. చెన్నైలో మనకు ఇంకో చిక్కు ఉంది. వయసు మళ్లిన తెలుగు పేషెంట్ పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తెలుగు రాని సిస్టర్‌కి అది మామూలు తెలుగులాగే వినిపిస్తుంది. ఆ కలవరింతే ఇన్ఫెక్షన్‌కి తొలి గుర్తు కావచ్చు. అందుకే పక్క వార్డులో తెలుగు పేషెంట్లుంటే ఒకసారి వెళ్లి పేరు, ఊరు, ఈరోజు ఏ వారమో అడగండి. జవాబు తేడాగా వస్తే అక్కడి సిస్టర్‌కి అప్పుడే చెప్పి రండి.