మూత మోగితే గూడ్సు, గంటె మోగితే ప్యాసింజరు

కావలిలో మా నాయనమ్మ ఇల్లు రైలు పట్టాలకు బాగా దగ్గర. బండి వచ్చినప్పుడల్లా వంటింటి స్టాండులో ఏదో ఒకటి మోగేది. అన్నీ కాదు, ఒక్కటే. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా, "గూడ్సురా అది. ప్యాసింజరయితే గంటె మోగుద్ది, మూత కాదు" అనేది.

స్ఫటికాలను పరిశీలించేవాళ్ల పని కూడా ఇంచుమించు ఇదే. స్ఫటికంలో పరమాణువులు వరసగా ఉంటాయి గానీ కుదురుగా ఉండవు, వణుకుతూనే ఉంటాయి. ఒక్కో రకం వణుకుది ఒక్కో శ్రుతి. లోపలికి కాంతి పంపి, పరారుణంలో ఏ శ్రుతి దగ్గర పీల్చుకుందో, లేదా 1928లో సి.వి. రామన్ చూపినట్టు చెదిరిన వెలుగు రంగు ఎంత మారిందో చూస్తే ఏ గిన్నె మోగుతోందో తెలిసిపోతుంది.

2025లో కెమిస్ట్రీ నోబెల్ లోహ-సేంద్రియ చట్రాలకు వచ్చింది. మూలమూలకీ ఒక లోహం, వాటిని కలుపుతూ కార్బన్ ఉన్న కడ్డీలు, మధ్యలో ఖాళీ గదులు. అందరూ ఆ ఖాళీల గురించే మాట్లాడారు. నాకు మాత్రం గది నిండిన చట్రమే ఇష్టం. అందులో మూలలకు మాంగనీసు, కడ్డీలకు ఫార్మేటు, గదిలో డైమిథైల్ అమ్మోనియం అనే చిన్న అణువు. ఫార్మేటు అంటే ఫార్మిక్ ఆమ్లం బిడ్డ. మామిడి చెట్టెక్కి ఎర్రచీమల చేత కరిపించుకున్నవాళ్లకు ఆ ఆమ్లం మంట కొత్త కాదు.

మామూలు వేడిలో గదిలోని అణువు ఒకచోట నిలవదు, మూడు దిక్కులకీ మారుతూ ఉంటుంది. 185 కెల్విన్‌కు, అంటే సుమారు మైనస్ 88 డిగ్రీలకు చల్లబరిస్తే గోడలోని ఆక్సిజన్‌ను హైడ్రోజన్ బంధంతో పట్టుకుని ఒక పక్కకు సర్దుకుంటుంది. ఒక కొసకు ప్లస్, ఇంకో కొసకు మైనస్ తేలే విద్యుత్ గుణం అక్కడ పుడుతుంది. ఇంకా చలిలో, 8.5 కెల్విన్ దగ్గర, మాంగనీసుల అయస్కాంతాలు వరస కడతాయి. రెండూ ఒకే స్ఫటికంలో ఉంటే దాన్ని మల్టీఫెర్రోయిక్ అంటారు. 2009లో ఇలాంటి చట్రాల కుటుంబం గురించి రాసినవాళ్లలో 1996 నోబెల్ గ్రహీత హెరాల్డ్ క్రోటో కూడా ఉన్నాడు.

మామూలు ఆక్సైడ్లలో ఈ రెండు గుణాలూ ఒక ఒరలో రెండు కత్తులే. విద్యుత్ గుణానికి లోహం డి-కక్ష్యలు, అంటే ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం అరలు, ఖాళీగా ఉంటే మేలు, అయస్కాంతానికేమో వాటిలో ఎలక్ట్రాన్లు ఉండాలి. మన చట్రంలో ఆ గొడవ లేదు, ఎవరి వాటా వాళ్లది. మాంగనీసు తీసి జింకు పెట్టండి. అయస్కాంతం పోతుంది, కానీ గదిలోని అణువు 156 కెల్విన్ దగ్గర ఎప్పటిలాగే సర్దుకుంటుంది.

అయితే వేరు వాటాల్లో ఉంటే పలకరింపులు కూడా తక్కువే. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసేది మధ్యగోడ వల్లే. ఆ గోడ ఫార్మేటు. ఒక మాంగనీసు అయస్కాంతం పక్క మాంగనీసుకు తన దిశ చెప్పేది ఆక్సిజన్–కార్బన్–ఆక్సిజన్ దారిలోనే. గదిలోని అణువు పట్టుకున్నదీ ఆ ఆక్సిజన్‌నే. ఈ మూడు పరమాణువుల కోణం కత్తెరలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. కోణం మారితే మాంగనీసుల మధ్య పట్టు మారుతుంది. మాంగనీసులు దిశ మార్చుకుంటే ఆ వణుకు శ్రుతీ కదులుతుంది.

2017లో వచ్చిన ప్రయోగంలో స్ఫటికాన్ని బాగా చల్లబరిచి అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోయారు. 15.3 టెస్లా దగ్గర అయస్కాంతాలన్నీ ఒకే వైపు తిరిగాయి. ఆస్పత్రిలోని 1.5 టెస్లా ఎంఆర్ఐకి ఇది పదింతలు. అప్పుడు ఉలిక్కిపడింది ఫార్మేటు వంపే, అంటే ఆ కత్తెర వణుకే. గదిలోని అణువు సర్దుకునేటప్పుడు గట్టిగా స్పందించిందీ ఇదే. స్టాండులో అన్ని గిన్నెలుండగా గూడ్సుకీ ప్యాసింజరుకీ ఒకే మూత మోగినట్టు!

కరెంటుతో అయస్కాంతాన్ని తిప్పే మెమరీలు వస్తాయని ఆశ చూపిస్తుంటారు. మైనస్ 265 డిగ్రీల్లో పనిచేసే దాన్ని ఫోనులో ఎవరు పెడతారు? మాంగనీసు బదులు నికెల్ పెడితే అయస్కాంతం 36 కెల్విన్ దాకా నిలుస్తుంది. అది కూడా మైనస్ 237. కెమిస్టులు లోహం మారుస్తున్నారు, గదిలోని అణువునూ మారుస్తున్నారు. మార్చిన ప్రతిసారీ శ్రుతులన్నీ మళ్లీ మొదటి నుంచి వినాలి. మోత భరించలేక నాయనమ్మ ఓసారి మూత కింద గుడ్డ మడిచి పెట్టింది. ఆ రాత్రి గూడ్సుకి పళ్లెం మోగింది.