టమాటా పూత రాలితే మందు సీసా కొనకండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

మార్చి రెండో వారం దాటిందంటే నా ఫోన్ ఆగదు. "అన్నా, పూత మొత్తం రాలుతాంది, ఏం మందు కొట్టాలె?" హన్మకొండ దగ్గర ట్రే నారు పెంచి అమ్మే నర్సరీ నాది. ఏటా ఇదే ప్రశ్న. అడిగేవాళ్లు అప్పటికే ఒకటో రెండో సీసాలు కొట్టి ఉంటారు.

అపోహ: చెట్టుకు బలం చాలక పూత రాలుతుంది, యూరియా వేసి టానిక్ కొడితే నిలుస్తుంది.

వాస్తవం: మన దగ్గర మార్చి తర్వాత పూత రాలడానికి ముఖ్య కారణం వేడి. పిందె బాగా పడాలంటే పగలు 30 డిగ్రీల లోపు, రాత్రి 15 నుంచి 20 మధ్య ఉండాలి. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడిపోతుంది. అదీ పువ్వు విచ్చిన రోజు కాదు, వారం పది రోజుల ముందు, మొగ్గలో ఉన్నప్పుడే. అందుకే మబ్బు పట్టి చల్లబడ్డాక కూడా కొన్నాళ్లు పూత రాలుతూనే ఉంటుంది. మనమేమో కొట్టిన మందు పని చేయలేదని ఇంకోటి కొంటాం.

పువ్వు కాడను దగ్గరగా చూడండి. మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. కణుపు నుంచి పువ్వు దాకా కాడ పసుపు రంగుకు తిరిగిందంటే చెట్టు ఆ పువ్వును వదిలేసినట్టే. వేలు తగిలితే సరిగ్గా కణుపు దగ్గరే ఊడి వస్తుంది. అంతదాకా వచ్చిన పువ్వును ఏ సీసా తిరిగి అతికించదు. యూరియా పెంచితే ఆకు ఏపుగా వస్తుంది తప్ప కాత రాదు.

కొన్నేళ్ల కింద హసన్‌పర్తి వైపు నుంచి ఒక అక్క రాలిన పూతను కొంగులో మూటగట్టుకుని వచ్చింది. "నీ నారే మంచిగ లేదు తమ్మీ" అంది. ఇరవై గుంటలు, పెళ్లిళ్ల సీజన్ రేటు మీద ఆశతో ఫిబ్రవరి చివర్లో నాటిందట. చేనుకు వెళ్లి చూశాను. చెట్లు నడుము ఎత్తున, ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క పిందె లేదు. నాలుగు రకాల మందులు కొట్టి ఉంది. విషయం చెబితే గట్టు మీద కూలబడి, "మరి గిన్ని పైసలు పెట్టిచ్చిరి గదా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ మార్చిలో ఫోన్ మోగితే ఆమే గుర్తొస్తుంది.

వేసవిలో మనకు మదనపల్లె కాయ ఎందుకు వస్తుందో ఆలోచించండి. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, మన వరంగల్ 300 లోపే. అక్కడి చల్లదనాన్ని మనం మందుతో తేలేం. అక్టోబర్, నవంబర్‌లో నాటితే మనకు బెంగ లేదు. వేసవి రేటు కావాలంటే జనవరి మొదట్లోనే నాటండి, మార్చి సగానికల్లా పిందె పడిపోవాలి. ఇప్పటికే ఆలస్యమైందా? మొదళ్ల దగ్గర గడ్డి కప్పి, సాయంత్రం పూట కొద్దికొద్దిగా తడి ఇవ్వండి. వీలైతే షేడ్ నెట్ కట్టండి. ఉన్న కాయన్నా దక్కుతుంది.

మిగతావి గబగబా చెబుతాను.

కాయ అడుగున నల్ల మచ్చ పడితే తెగులని బూజు మందు కొడతారు. అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. చాలాసార్లు నేలలో కాల్షియం ఉంటుంది, మనం బెట్టకు వదిలి ఒక్కసారిగా నీళ్లు పారిస్తాం. తడి సమంగా ఉంటే కొత్త కాయ బాగానే వస్తుంది.

కాయకు ఎండ తగిలితేనే ఎర్రబడుతుందని ఆకులు తెంపకండి. ఎండకు కాయ తెల్లగా కమిలిపోతుంది. వేడి మరీ ఎక్కువైతే ఎరుపు రాక పసుపు, నారింజ రంగులోనే ఆగిపోతుంది.

తేనెటీగలు రావట్లేదని మిద్దె తోటల వాళ్లు టెన్షన్ పడతారు. టమాటా పువ్వు తన పుప్పొడితోనే పిందె కడుతుంది. పొద్దున పూట కొమ్మను మెల్లగా తట్టండి చాలు.

ఆకుముడత వైరస్ వచ్చిన చెట్టును బాగు చేసే మందు లేదు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. అందుకే నారు దశలోనే నెట్ కట్టి దోమను ఆపాలి. చేనులో మొదట ముడుచుకున్న నాలుగు చెట్లను ఆ రోజే పీకి సంచిలో వేసి బయటికి తీసుకెళ్లండి. గట్టు మీద పారేస్తే వాటి మీది దోమ మళ్లీ చేనులోకే వస్తుంది.